తేటతెల్లమైన గోధుమ బీరు

"సాయంత్రం గోధుమ బీరు వస్తోంది, ఎక్కడ పెట్టాలో ఏమో!" అని ఆ ఉదయం కొనుగోళ్ళ మేనేజరు ఫోనులో అంటున్న సమయానికి వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. మిక్సీ తన వాటా తాను మింగి, ఇల్లాలి చెవికి "గోధుమరంగు బీరువా వస్తోంది" అని అందించింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ బీరువా అడుగుతున్న మనిషి ఇంకేం ఆగుతుంది? భర్త స్నానం ముగించేలోపు పడగ్గది మూల ఖాళీ చేసి, సొరుగుల్లోని బట్టలన్నీ మంచం మీద గుట్టపోసింది.

సాయంత్రం బీరువా రాలేదు. భర్త వచ్చాడు. ఒక సంచీని గుండెకు హత్తుకుని, సొంతింట్లోకే దొంగలా వచ్చాడు.

పాపం, అతని భయం అతనిది. అతను కొనుగోళ్ళ మేనేజరుగా పనిచేసే హోటలు మేడ మీద ఎండాకాలం కోసం కొత్తగా బల్లలు వేశారు. వడగాలికి విరుగుడుగా అక్కడ చల్లటి గోధుమ బీరు అమ్మాలి. వచ్చిన రకాలన్నీ మేనేజరు వడపోస్తే రెండు మిగిలాయి. ఆఖరి ఎంపిక ఆదివారం, మేనేజరు ఇంట్లో. హోటల్లో ఎందుకు కాదంటే, యజమానికి అక్కడ ఎవరిమీదా నమ్మకం లేదు. తన నీడ వెనక నడిస్తే "ఎందుకు దాక్కుంటోంది?" అనీ, ముందు నడిస్తే "ఎక్కడికి పారిపోతోంది?" అనీ అనుకునే మనిషి ఆయన.

"సీసాల మీద పేర్లు కనపడకూడదు. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకు. పాత మేనేజరు ఎందుకు పోయాడో తెలుసుగా?" అన్నాడు యజమాని.

"తెలుసు సార్."

"సరుకు అటూ ఇటూ అయిందో, నువ్వూ ఆ దారే."

అందుకే మేనేజరు మంచం మీది గుట్టలోంచి ఒక ఎర్ర మేజోడు, ఒక నీలం మేజోడు లాగి రెండు సీసాలకీ తొడిగాడు. వాటిని ఫ్రిజ్‌లో కూరగాయల వెనక నిలబెట్టాడు. తీగ క్లిప్పుతో బిగించే మూతలు వాటికి. తీసినా మళ్ళీ ఇట్టే పడతాయి. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

"ఏమండీ, ఈ ఎర్రదానికి జోడేదీ?" రాత్రి బట్టలు మడతపెడుతూ అడిగింది ఇల్లాలు.

"నాకేం తెలుసు?"

"నీలందానికీ లేదు."

"మేజోడన్నాక ఎప్పుడో ఒకప్పుడు జోడు తప్పుతుందే."

ఆమె చేయి ఆగిపోయింది. "ఈ మాట మేజోళ్ళ గురించేనా?"

మర్నాడు, పోయిన మేజోళ్ళు ఎవరో ఆవిడ దగ్గరున్నాయన్న అనుమానం ఆమె తండ్రి దగ్గరికి వెళ్ళింది. మావగారు నీళ్ళ సరఫరా వారి వడపోత విభాగంలో రిటైరైన మనిషి. ఉద్యోగమంతా మడ్డితో యుద్ధమే. అల్లుడు లేని వేళ వచ్చి, ఇల్లంతా గాలించి, చివరికి ఫ్రిజ్ తెరిచారు. మేజోళ్ళు వేసుకున్న సీసాలు కనిపించాయి. ఒకటి తీసి, మేజోడు విప్పి, కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టారు. మనిషి కుంగిపోయాడు. అల్లుడు తాగుతున్నాడన్నది ఒక దెబ్బ. అడుగున మడ్డి పేరుకున్నది తాగుతున్నాడన్నది అంతకంటే పెద్ద దెబ్బ.

అల్లుణ్ణి అడిగినా, కూతురికి చెప్పినా అతని పరువు పోతుంది, ఊరుకుంటే ఆరోగ్యం పోతుంది. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, గడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక ముక్క కోసం లేచారు.

ఆదివారం మధ్యాహ్నం యజమాని వచ్చాడు. రెండు కంపెనీల ప్రతినిధులూ వచ్చారు. ఒకాయన పొడుగు, ఒకాయన బొద్దు. మేనేజరు గ్లాసు వంచి, ఎర్ర మేజోడు సీసాలోంచి ముప్పాతిక వంచాడు. మిగిలినది గుండ్రంగా తిప్పి పైన పోశాడు. పద్ధతి ప్రకారం ఇప్పుడు అడుగునున్నది లేచి గ్లాసంతా మబ్బులా కమ్ముకోవాలి. ఆకాశం నిర్మలంగా ఉంది. నురగ కూడా లేదు.

పొడుగాయన ఒక గుక్క తాగి మొహం ముడిచాడు. "ఇది బీరా? బట్టలు జాడించిన నీళ్ళు. చెప్పకూడదు గానీ, ఇది ఖచ్చితంగా ఈయన సరుకే."

బొద్దాయన కూడా తక్కువ తినలేదు, నీలందాన్ని రుచి చూశాడు. "మరి దీన్నేమంటారు? వగరుకి నోరు కుట్టుకుపోతోంది! మీదే అయ్యుండాలి."

మేనేజరు మేజోళ్ళు విప్పాడు. ఎర్రది పొడుగాయనదే. నీలంది బొద్దాయనదే.

అంతదాకా శత్రువులైన ఇద్దరూ ఆ క్షణంలో అన్నదమ్ములైపోయారు. "సీసా మాది, లోపలిది మాది కాదు! మార్చేశారు!" అంటూ మేనేజరు మీదికి లేచారు.

యజమాని మెల్లగా గ్లాసు కిందపెట్టాడు. "ఏమయ్యా, ఎవరికి అమ్ముడుపోయావ్?"

"ఒట్టు సార్! నేను ముట్టుకోలేదు!"

"అమ్ముడుపోయారా?" గుమ్మంలోంచి ఇల్లాలి గొంతు. "ఎవరికండీ? ఆ ఎర్ర మేజోళ్ళావిడకేనా?"

"ఎవరే ఆవిడ?"

"ఆ ముక్క మీరే చెప్పాలి!"

ఉద్యోగం ఒకవైపు, కాపురం ఒకవైపు జారిపోతుంటే మేనేజరు మధ్యలో చెమటై కరిగిపోతున్నాడు. అప్పుడు మావగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. "కంగారు పడకండి బాబూ. మడ్డంతా నేనే తీసేశాను. పటిక తిప్పి, తేర్చి, గుడ్డలో వడపోసి ఎవరిది వాళ్ళ సీసాలోనే పోశాను. ఇప్పుడు పసిపిల్లాడైనా తాగొచ్చు."

"పటికా?" యజమాని నాలుక బయటపెట్టాడు.

"గడ్డానికి వాడేదే. కడిగాన్లెండి."

"మావయ్యగారూ!" మేనేజరు తల పట్టుకున్నాడు. "గోధుమ బీరుకి ఆ మడ్డే ప్రాణమండీ! అది ఈస్టు. వాసన, రుచి అంతా దాంట్లోనే. మీ ధర్మమా అని నురగ కూడా పోయింది!"

"మరి ముందే చెప్పొచ్చుగా అల్లుడుగారూ?"

"ఇంట్లో చెప్పొద్దన్నారు."

అందరి తలలూ యజమాని వైపు తిరిగాయి. ఆయన లేచి కారు దగ్గరికి వెళ్ళి, ఒక ఐసు పెట్టె మోసుకొచ్చాడు. అందులో ఆ రెండు సీసాల కవలలు!

"నిన్ను నమ్మక, ఒక్కోటి నా దగ్గర దాచుకున్నాను" అన్నాడు.

తనను నమ్మనందుకు మేనేజరు ఒక మనిషి కాళ్ళకి దండం పెట్టడం అదే మొదటిసారి.

ఈసారి గ్లాసులో మబ్బు కమ్మింది, నురగ పొంగింది. మావగారు చూడలేక కళ్ళు మూసుకున్నారు. బొద్దాయనది అరటిపండు వాసనతో బాగానే ఉంది గానీ, ఎండలో ఒక్క గ్లాసుకే కడుపు నిండిపోతుంది. పొడుగాయనది తేలిగ్గా, నారింజ తొక్క వాసనతో, చివర్లో చిరు పులుపుతో ఇంకో గుక్క అడిగింది. ఎండాకాలానికి అదే ఖాయమైంది.

"రేపు వేళకి రా" అన్నాడు యజమాని చెప్పులు తొడుక్కుంటూ. "అలాగని అనుమానం పోయిందనుకోకు."

ఇల్లాలు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "అంటే... ఆ రోజు ఫోనులో అన్నది గోధుమ బీరా? బీరువా కాదా?"

బీరేనని మేనేజరు అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. అందరూ నవ్వారు, ఆమె తప్ప.

ఆ వారంలోనే బీరువా వచ్చింది, గోధుమరంగుదే. మావగారు దాన్ని వెలుతురులో నాలుగువైపులా తిప్పించి, అడుగున మడ్డి లేదని తేల్చుకున్నాకే లోపలికి రానిచ్చారు.