ఏ దేశంతో మొదలుపెట్టాలి?

కంప్యూటర్ గేముల్లో గొప్ప ఘట్టం యుద్ధం కాదు, గెలుపు అంతకన్నా కాదు. ఆడబోయే దేశాన్ని ఎంచుకోవడం! దానికే పొద్దంతా పోతోందని విసుక్కునేవాళ్ళు కాస్త నా మాట వినండి.

మా అమ్మాయి నాకో చారిత్రక గేమ్ నేర్పిస్తోంది. పాతకాలపు ప్రపంచపటంలో ఒక దేశాన్ని తీసుకుని శతాబ్దాల తరబడి ఏలాలి. కొత్తవాళ్ళకు ఫలానా ద్వీపం తేలికనీ, చుట్టూ సముద్రం కాబట్టి ఎవరూ మీదపడరనీ చెప్పింది. చెప్పగానే ఒప్పేసుకుంటే ఇక నేను పెద్దమనిషినేమిటి? అద్దె ఇంటికే కుళాయిలన్నీ తిప్పి చూస్తామే, దేశాన్ని ఊరికే తీసేసుకుంటామా?

అందుకే ఆరా తీశాను. రాజుగారి ఒంట్లో ఎలా ఉంది? వారసుడు బుద్ధిమంతుడేనా? జెండా మరీ వెలిసిపోయినట్టు లేదూ? అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది పిచ్చితల్లి.

మా ఆఫీసు అకౌంటెంటు పెద్ద సామ్రాజ్యమే మేలన్నాడు. అంటే మా హెడ్డాఫీసు లాంటిదన్నమాట. ఏ మూల ఏం జరుగుతోందో పైవాళ్ళకు తెలియదు. వద్దనుకున్నాను. ఇరుగుపొరుగు లేని దేశం దొరికితే మనమే వెళ్ళి ఉందామంది మా ఆవిడ.

ఇలా వారాలు గడిచాయి. ఒక్క సైనికుడు చావలేదు, ఒక్క పన్ను పెరగలేదు. ఏ చక్రవర్తి సాధించాడండీ ఇంత శాంతి?

మొన్న ఆదివారం పొద్దున మా ఆవిడ టేబుల్ తుడుస్తూ మౌస్‌ని కూడా ఒక్క తుడుపు తుడిచింది. బాణం గుర్తు సరిగ్గా ‘ప్రారంభించు’ మీదే ఉందట. మా అమ్మాయి ముందే ఎంచిపెట్టిన ద్వీపం నాదైపోయింది!

"హమ్మయ్య, మొదలైంది. ఇక నువ్వే ఆడుకో నాన్నా" అంటూ మా అమ్మాయి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కాలేజీలో చేరినప్పటి నుంచీ ఆ తలుపు తెరుచుకునేది భోజనాలకే. ఈ పటం పుణ్యమా అని నా పక్కన కుర్చీ వేసుకుని, రాజుల సంగతుల మధ్య తన స్నేహితురాళ్ళ సంగతులు కూడా చెప్పేది. నాకు ప్రాణం లేచొచ్చేది.

ఏం చెయ్యను? ఉన్న ఓడలన్నీ అమ్మేసి, కనిపించిన రాజులందరి మీదా ఒకేసారి యుద్ధం ప్రకటించాను. మధ్యాహ్నానికల్లా మా వంశం అంతరించింది. వెళ్ళి తలుపు తట్టాను.

"ఆ ద్వీపంతో ఓడిపోయినవాళ్ళని ఇంతవరకూ చూళ్ళేదు నాన్నా" అని నవ్వుతూ వచ్చి కుర్చీ లాక్కుంది. "సరే, ఈసారి ఏ దేశం?"

"తొందరేముందమ్మా, అన్నీ చూద్దాం" అన్నాను.