గుర్రం దొంగ ఎవరో ముందే చెప్పేయండి!

సస్పెన్స్ ఆరోగ్యానికి హానికరం! సిగరెట్ పెట్టె మీద వేసినట్టు ప్రతి సీరియల్ మీదా ఈ హెచ్చరిక వేయాలని నా డిమాండ్.

నవ్వకండి. మా దిల్‌సుఖ్‌నగర్‌లో కేబుల్ నడిపే ప్రసన్నకుమార్ ఈ ప్రమాదాన్ని ఎప్పుడో పసిగట్టాడు. వెనకటి కౌబాయ్ సీరియళ్లను తెలుగు మాటలతో రోజూ సాయంత్రం వేస్తాడు. ఎపిసోడ్‌కు పేరు మాత్రం తనే పెడతాడు. ఒకరోజు ‘గుర్రం దొంగ బావమరిదే’. మర్నాడు ‘షెరీఫ్‌కు తూటా భుజానికే’. అది చాలదన్నట్టు, టైటిల్స్ పడకముందే ఆఖరి కాల్పులు ఓ ముక్క చూపిస్తాడు. ఇక భయమెందుకు? విలన్ తుపాకీ తీసినా మా ఆవిడ వేదవతి నిశ్చింతగా చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటుంది. ఒకప్పుడు ఇలాంటి సీన్లకే కూరలు మాడ్చిన మనిషి!

కింది పోర్షన్‌లో ఉండే మా ఇంటి ఓనరు రామచంద్రంగారు కూడా రోజూ పైకొచ్చి మాతోపాటే చూస్తారు.

“ముందే ఎరుకైతే పరేషాన్ ఉండదు సార్. మంచిగ చాయ్ తాగుకుంట చూడొచ్చు,” అంటారు. చాయ్ మాదే.

ఈ సదుపాయం సీరియళ్లకే ఎందుకు? ఎల్బీనగర్ వెళ్లే మెట్రో మీద ‘మూసారాంబాగ్ దాటినా సీటు దొరకని మనిషి’ అని రాస్తే ఎంత హాయి! శుభలేఖ మీద ‘మీరొచ్చేసరికి ఐస్‌క్రీమ్ అయిపోయింది’ అని వేయిస్తే ఇంట్లోనే తినేసి వెళ్లమూ? నిజానికి మనవాళ్లకు ఈ విద్య పాతదే. ఫోన్ ఎత్తగానే అవతలివాళ్లు “ఏం కంగారు పడకు” అన్నారంటే, ఆస్పత్రికి ఆటో మాట్లాడుకోవలసిందే.

మొన్న ఆదివారం రామచంద్రంగారు వచ్చారు. టీవీ వైపు చూడలేదు. చాయ్ వద్దన్నారు. గొంతు సవరించుకుని, “మీరు కిరాయిదార్లు కాదు సార్, మా ఇంటోళ్లే,” అన్నారు.

వేదవతి స్టవ్ కట్టేసింది. “ఎప్పటికి ఖాళీ చెయ్యాలండీ?”

ఆయన అదిరిపడ్డారు. “అరె! గిది మీకెట్ల ఎరుకైందమ్మా?”

తెలియక చస్తామా? హైదరాబాద్‌లో అద్దెకున్నవాడికి ‘మా ఇంటోళ్లే’ అన్న మాటే టైటిల్! ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టడానికి బిల్డర్‌కు ఇచ్చేశారట. జనవరిలో ఖాళీ చేయాలట. మార్చిలో మా మృదులకు పదో తరగతి పరీక్షలు. ఇప్పుడు ఇల్లు మారితే బడీ దూరం, ట్యూషనూ దూరం. పరీక్షలయ్యేదాకా ఆగమని ఆయన చేతులు పట్టుకుని అడిగాను.

“చూద్దాం సార్,” అన్నారు.

చూద్దామా? ఏంటండీ చూసేది! ఎక్కడో సముద్రాలవతల, ఎప్పుడో చచ్చిన గుర్రాన్ని ఎవడు ఎత్తుకెళ్లాడో నాకు ముందే చెబుతారు. నా కూతురు ఏ ఇంట్లోంచి పరీక్షకు వెళుతుందో మాత్రం ఎవరూ చెప్పరు! ఆ ఆదివారం నుంచి రామచంద్రంగారు మెట్లెక్కడమే మానేశారు. మేమూ టీవీ పెట్టడం లేదు.

మృదుల మాత్రం రోజూ అడుగుతోంది. “నాన్నా, పుస్తకాలు చదవనా, సర్దనా?”