చివరి బెంచీ ఇచ్చిన మూడు స్టార్లు

మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో ఆన్‌లైన్ రివ్యూలు ఎవరూ చదవరండీ. "పేరు చెప్పుకోలేని వాళ్ళ రాతలు మనకెందుకయ్యా" అంటారు మా హెచ్‌ఓడీ మాలకొండయ్య గారు. అనేసి, బల్ల కింద ఫోన్ చూసుకుని నిట్టూరుస్తారు. మేమంతా కిటికీలోంచి పత్తి చేల వంక చూస్తాం.

నాకున్నది ఒకే ఒక్క రివ్యూ. మూడు స్టార్లు. "ఈ సారు పాఠం బోర్డుకి చెబుతారు. బోర్డుకి బాగానే అర్థమవుతోంది."

పెళ్ళిచూపుల్లో "పిల్లలు నేనంటే ప్రాణమిస్తారు" అని చెప్పుకున్నవాణ్ణి. కొత్త కాపురం. మల్లేశ్వరి కందిపొడిలో నెయ్యి కలుపుతున్నా నేను నోరు తెరుచుకుని చూస్తుంటాను. ఆవిడ కూడా నన్ను ఒక్కసారి అలా చూడాలని నా ఆశ. ఈ రివ్యూ ఆవిడ కంటపడితే ఇంకేం చూస్తుంది?

అందుకని ఆదివారం బాత్‌రూమ్‌లో తలుపు గడియ పెట్టుకుని, పేరు లేకుండా నాకు నేనే ఐదు స్టార్లు వేసుకున్నాను. భోజనాల దగ్గర ఫోన్ అందించాను.

"ఎవరో పిల్లాడు రాశాడు మల్లీ. నేనివన్నీ పట్టించుకోననుకో."

ఆవిడ పైకి చదివింది. "'థర్మోడైనమిక్స్ సారు చెబుతుంటే గంట కొట్టినా ఎవరూ లేవరు.' నిజమేనండీ."

"చూశావా మరి."

"చూశానుగా. గంట కొట్టాక మా మాధురిని నేనే తట్టి లేపాను."

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. మాధురి అంటే మల్లేశ్వరికి బాబాయి కూతురు, నా క్లాసులోనే చదువుతోంది.

"నువ్వెప్పుడు వచ్చావు నా క్లాసుకి?"

"పెళ్ళిచూపులకి ముందు. చివరి బెంచీలో దాని పక్కనే కూర్చున్నాను."

"ఎందుకూ?"

"మాది ప్రత్తిపాడండీ. మిర్చి కొనేవాడు బస్తా మీది కాయ చూసి ధర చెబుతాడా? లోపలికి చెయ్యి పెట్టి, ఒక కాయ తీసి విరిచి చూస్తాడు. పెళ్ళిచూపుల్లో చూపించేవన్నీ పైకాయలేగా. అందుకని మా నాన్నే నన్ను గుంటూరు బస్సెక్కించాడు."

"కొత్త మొహం నాకు కనపడలేదే."

"బోర్డు మీద ఉంటే కనపడేదాన్ని."

అప్పుడు వెలిగింది నాకు. "అయితే ఆ మూడు స్టార్లు..."

"నేనే. ఈ ఐదు మీరే."

ఇంక అబద్ధమాడే ఓపిక లేకపోయింది. "మూడే ఇచ్చి నన్నెందుకు చేసుకున్నావు మరి?"

"గంట కొట్టాక ఒక పిల్ల అర్థం కాలేదని నిలబడింది. మీరు క్యారేజీ పక్కన పెట్టి మళ్ళీ మొదట్నుంచి చెప్పారు, ఆ పిల్ల మొహం విప్పారేదాకా. పెళ్ళికి మూడు చాల్లే అనుకున్నాను. మిగతా రెండూ కాపురం చేసి చూసి ఇద్దామని."

అన్ని సంబంధాల వాళ్ళు నా జీతం అడిగారు, ఎత్తు అడిగారు. నన్ను విరిచి చూసింది ఈవిడొక్కతే. నెయ్యి గిన్నె పట్టుకుని అలాగే చూస్తుండిపోయాను.

"చూసింది చాలు, ముందు ఆ ఐదూ తీసేయండి."

తీసేశాను. ఆవిడ తన ఫోన్ తీసుకుని ఏదో టైప్ చేసింది.

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో మాలకొండయ్య గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"రివ్యూలు ఎవరు చదువుతారు గానీ, ఏమయ్యా శివనాగరాజూ, నీకు మూడు కాస్తా నాలుగయ్యాయేం? 'తన రివ్యూ తానే రాసుకుని, అడగ్గానే తీసేసినందుకు ఒక స్టారు' అని ఉంది."

గదిలో అందరి తలలూ బల్లల కిందికి వంగాయి. కిటికీలోంచి పత్తి చేల వంక చూడటానికి నేనొక్కణ్ణే మిగిలాను.