మంత్రిగారి ఉచిత వైఫై

పక్కింటి పిన్నిగారికి ఆవిడ మరిది చెప్పాడట, అతనికి మంత్రిగారి కారు డ్రైవరు చెప్పాడట: మంగళవారం మధ్యాహ్నం మంత్రిగారు మీట నొక్కగానే ఊరి గాలిలో ఇంటర్నెట్ కలిసిపోతుందట. కిటికీలు తెరిచిపెట్టుకున్న వాళ్లకు కాస్త ఎక్కువ వస్తుందట. పిన్నిగారు పొద్దున్నే కర్టెన్లు విప్పి నానబెట్టేశారు.

లైబ్రరీ అటెండరమ్మ ఈ మాటకు నవ్వలేదు. ఆ మీట బిగించింది ఆమె లైబ్రరీలోనే. పైగా ఆవేళ ఆమె గుబులు ఆమెకుంది. కూతురికి నర్సింగులో సీటొచ్చింది. ఏ కాలేజీ కావాలో నాలుగింటిలోపు ఫోనులో ఎంచుకోవాలి. గడువు దాటితే సీటు ఇంకొకరికి పోతుంది. పొద్దుట్నుంచీ మొరాయిస్తున్న సైటును మూడున్నరకు తెరుస్తామని కబురు పెట్టారు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను, రోజుకు ఒకటిన్నర జీబీ.

ఏర్పాట్లు చూస్తున్న ఆఫీసరుగారు కార్యదక్షులు. గోడకు వైఫై పెట్టె బిగించారు, పచ్చలైటు వెలిగించారు, రిబ్బను కట్టించారు, బల్లమీద పది కొత్త ట్యాబులు పేర్చారు.

"సార్, ట్యాబుల్లో ఏమీ రావట్లేదండీ," అంది అటెండరమ్మ.

"లైటు వెలుగుతోందిగా?"

"అది కరెంటుకు వెలుగుతోందండీ. పెట్టెలోకి లైను రావొద్దూ? గొట్టం వేయకుండా కుళాయి బిగిస్తే నీళ్లొస్తాయా?"

"కుళాయి ప్రారంభోత్సవానికి నీళ్లెందుకమ్మా? లైను వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఉంది."

"పోనీ, ట్యాబుల్లో సిమ్ములు వేస్తే?"

"సిమ్ము పెట్టే చోటే లేదు. ఉంటే జనం డేటా దుబారా చేస్తారని కమిటీ వద్దంది."

ఇంత ముందుచూపున్న కమిటీ ఏ దేశానికి దొరుకుతుంది! ఆఫీసరుగారు ఒక్క క్షణం ఆలోచించి, ఆమె ఫోను అడిగి పుచ్చుకున్నారు. హాట్‌స్పాట్ ఆన్ చేసి, దానికి 'మంత్రిగారి ఉచిత వైఫై' అని పేరుపెట్టి, పెట్టె వెనక దాచారు.

"మీ ఫోను పెట్టొచ్చు కదండీ?"

"నాది ప్రభుత్వం ఇచ్చిన ఫోనమ్మా. ఇలాంటివాటికి వాడకూడదు."

"మూడున్నరకు నాది నాకిచ్చేయాలండీ, పిల్ల సీటు..."

"రెండు నిమిషాల పని!"

మూడుంబావుకు మంత్రిగారు మీట నొక్కారు. పది ట్యాబులూ ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నాయి. చప్పట్లు! మంత్రిగారు రాజధానిలో ఉన్న పెద్దాయనకు వీడియో కాల్ చేసి, "చూడండన్నా, మన గాలి ఎంత స్పీడుగా ఉందో!" అని పావుగంట చూపించారు. మిగతా తొమ్మిది ట్యాబులకూ తొమ్మిదిమంది కార్యకర్తలు కూర్చుని, మంత్రిగారి పొద్దుటి ప్రసంగాన్ని, బొమ్మ బాగా స్పష్టంగా పెట్టుకుని మరీ చూశారు. ఒకాయనకు తనివి తీరక మళ్లీ మొదట్నుంచి పెట్టుకున్నాడు.

"అమ్మా, సైటు తెరిచారట!" అని కూతురు గుమ్మంలోంచి పిలిచింది.

అటెండరమ్మ పెట్టె వైపు నడిచింది. బందోబస్తు కానిస్టేబుల్ చెయ్యి అడ్డుపెట్టాడు. "ప్రభుత్వ ఆస్తమ్మా. ముట్టుకోకు."

"దాని వెనకున్నది నా ఫోనయ్యా!"

"ఇంతమంది వాడుతుంటే నీదెలా అవుతుంది?"

మూడూ నలభై అయిదుకు పది తెరలమీదా చక్రాలు గిర్రున తిరగసాగాయి. ఆఫీసరుగారు మంత్రిగారి చెవిలో ఏదో ఊదారు. మంత్రిగారి ముఖం వెలిగింది.

"రాసుకోండి!" అన్నారు విలేకరులతో. "అరగంటలో మా ప్రజలు ఇంటర్నెట్ మొత్తం ఖాళీ చేశారు. ఇంతటి చైతన్యం ఎక్కడైనా చూశారా?"

ఆఫీసరుగారు ఫోను తెచ్చి మర్యాదగా ఆమె చేతిలో పెట్టారు. ఈరోజు డేటా పూర్తిగా అయిపోయిందని మెసేజ్ వచ్చి ఉంది. ఈలోగా మంత్రిగారు ఫొటో కోసం ఆమె భుజమ్మీద చెయ్యి వేశారు. చుట్టూ ఉన్న జనం నలభై ఫోన్లు వాళ్లిద్దరి వైపూ ఎత్తి పట్టుకున్నారు.

"ఇంటర్నెట్టే ఇచ్చేశాం. ఇంకేం కావాలో అడుగమ్మా, మొహమాటపడకు!"

"మీ ఫోను ఓ అయిదు నిమిషాలివ్వండి సార్. నా డేటా అంతా మీవాళ్లు తాగేశారు."

మంత్రిగారు నవ్వుతూనే పీఏ వైపు చూశారు. పీఏ ఆఫీసరుగారి వైపు చూశాడు. ఆఫీసరుగారు పచ్చలైటు వైపు చూశారు.

"నాలుగవడానికి ఇంకా ఏడు నిమిషాలుంది, ఇస్తారా ఇవ్వరా?" అంది అటెండరమ్మ.