అమ్మ పుట్టింటి ఇంటిపేరు

ఈమెయిలుకు పాస్‌వర్డ్ పెట్టుకోవడం శుద్ధ అనాగరికం! ప్రైవసీకి మన భాషలో సరైన మాటే లేదు. అవసరమైతే మనవాళ్ళు ఈపాటికి పుట్టించి ఉండరా?

మనం ఏ సైట్లు చూస్తున్నామో ఇంటర్నెట్ కంపెనీలు కనిపెడుతున్నాయని పేపర్లో రాశారు. అందుకు వాళ్ళకు పెద్ద పెద్ద యంత్రాలు కావాలట, పాపం! జంషెడ్‌పూర్‌లో మా అగ్రికో కాలనీ క్వార్టర్లకు వరహాలమ్మ పిన్ని ఒక్కతి చాలు. మా ఫోన్ గంటసేపు ఎంగేజ్ వస్తే, మా అమ్మాయి సాహిత్య ఆ ఫోన్ లైను మీదే నెట్‌లో ఉందని ఆవిడకు తెలిసిపోతుంది.

పాస్‌వర్డ్ మరిచిపోయామంటే మెయిల్ కంపెనీ ఓ రహస్య ప్రశ్న వేస్తుంది; జవాబు చెబితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తుంది. మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరేమిటి? రహస్యమట! ఆ దొరలెవరో గానీ తెలుగువాళ్ళ పెళ్ళిపందిట్లో ఒక్కసారి కూడా కూర్చున్నట్టు లేదు. శ్రీకాకుళం నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడిన మేము, మంచినీళ్ళివ్వక ముందే ఇంటిపేరు అడుగుతాం. మా ఆవిడ పుట్టింటివారు గేదెల వారని పక్కనున్న సీతారాండేరాలో పాలుపోసే బిహారీ అబ్బాయికి కూడా తెలుసు!

అలా సాహిత్య మెయిల్ బాక్సు కాలనీ లైబ్రరీ అయిపోయింది. ఎంత సౌకర్యం! ఎవరికి తీరికైతే వాళ్ళు తెరుస్తారు, స్పెల్లింగులు దిద్దుతారు, నచ్చని స్నేహితులను తుడిచేస్తారు. ఈవేళ్టి పాస్‌వర్డ్ ఏమిటో తెలియాలంటే పిల్ల నాలుగిళ్ళు తిరగాలి. పెద్దల దగ్గర వినయం అలవడుతుందా, లేదా?

నిన్న పిన్ని బూరెలు పట్టుకుని వచ్చింది. పూనాలో ఏదో కంపెనీ సాహిత్యను ఇంటర్వ్యూకి పిలిచిందట. ఆ పిలుపు కోసం మా పిల్ల ఏడాదిగా ఎదురుచూస్తోంది.

"ఆడపిల్లని అంత దూరం ఎలాగ ఒగ్గేత్తాం బాబూ? సాక్చిలో కంప్యూటర్ కొట్టుకెళ్ళి, పిల్ల రాదని నానే రాయించీసినాను. సూసి బెంగెట్టుకుంటాదని ఆ కాయితం సెరిపించీసినాను కూడా" అంది.

ఇంత శ్రద్ధ ఏ కంపెనీ చూపిస్తుంది చెప్పండి! ఇంటర్వ్యూ మొన్ననే అయిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా పిన్ని కదా, బూరె తీసుకున్నాను.

"వో మేరీ చిట్ఠీ థీ, పాపా!" అంది సాహిత్య, కళ్ళ నీళ్ళతో.

అవును, ఉత్తరం దానిదే. జీతమెంతో ఎదురింటివాళ్ళు చెప్పారు. ఏ రైలెక్కాలో పక్కింటివాళ్ళు చెప్పారు. కాలనీ మొత్తంలో ఆ ఉత్తరం చదవనిది మా అమ్మాయి ఒక్కతే.