ఏడున్నర టిఫిను

ఇంటికొక ఇన్సులిన్ సీసా ఉండి తీరాలని నేను ఘంటాపథంగా చెబుతున్నాను! చక్కెర జబ్బు లేని ఇళ్ళవాళ్ళు దురదృష్టవంతులు. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

కిందటేడు, అంటే డెబ్భై నాలుగులో, మా ఆవిడ పుణ్యవతికి డాక్టర్ రామబ్రహ్మంగారు ఇన్సులిన్ మొదలుపెట్టారు. త్వరగా పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ ఒకే సీసాలో కలిపి వచ్చే రకం. దాన్ని కుదపకూడదట, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలట. సూది వేసుకున్న అరగంటకల్లా తినాలట.

ఆనాటి నుంచి మా వైభవం చూడండి! కూకట్‌పల్లి దగ్గర మా ఫ్యాక్టరీ క్వార్టర్సులో లేబరేటరీ ఉన్న వంటిల్లు మాదొక్కటే. స్పిరిటు దీపం, గాజు గొట్టం, నీలం మందు. ఆ మందులో ఏం చుక్కలు వేసి మరిగిస్తారో మర్యాదస్థుణ్ణి కనుక చెప్పను. రంగు నీలంగానే ఉంటే చక్కెర పోవడం లేదని పండగ. ఇటుక రంగు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ నా ఉపన్యాసం!

ఎదురింటి సోమేశ్వరరావు ఆరేళ్ళుగా నాతో ముభావంగా ఉండేవాడు. కాలనీలో ఫ్రిజ్ ఉన్నది అతనికొక్కడికే మరి! ఇప్పుడు మా సీసా అతని ఫ్రిజ్‌లో పెరుగుకీ మల్లెపూలకీ మధ్య కాపురం ఉంటోంది. రోజుకు రెండుసార్లు పలకరింపులు. ఇంత స్నేహం ఏ మాత్ర తెస్తుంది చెప్పండి?

ఇక మోతాదు సర్దడం ఉంది చూశారూ, అదొక మహాయజ్ఞం! ఇటుక రంగు వచ్చిందని రెండు యూనిట్లు పెంచారు. చక్కెర మరీ పడిపోయి ఆవిడకి చెమటలు, వణుకు. రెండు తగ్గించారు. మళ్ళీ ఇటుక రంగు. మళ్ళీ పెంచారు, మళ్ళీ వణుకు.

"వేళకి తింటున్నారా అమ్మా?" అని డాక్టరుగారు ప్రతిసారీ అడిగేవారు. ఆడవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని జవాబు నేనే చెప్పేవాణ్ణి.

"మా ఇంట్లో అన్నీ గడియారం ప్రకారమేనండీ! ఏడింటికి ఇంజెక్షను, ఏడున్నరకి టిఫిను!"

ఆయన రాసుకునేవారు. ఇందులో అబద్ధమేముంది? నా టిఫిను ఏనాడూ ఏడున్నర దాటలేదు.

ఒక ఆదివారం పొద్దున, పాలు పోసే భాగ్యమ్మ వంటింట్లోంచి కేక పెట్టింది. పరుగున వెళ్ళాను. పుణ్యవతి పొయ్యి పక్కన గోడకి చేరగిలబడి ఉంది. చీర చెమటకి తడిసిపోయింది. నేను పిలిస్తే ఎవరో అన్నట్టు చూసింది. చెప్పొద్దూ, నా పైప్రాణాలు పైనే పోయాయి.

భాగ్యమ్మే నీళ్ళల్లో చక్కెర కలిపి గుక్కగుక్కగా తాగించింది. కాస్త తెప్పరిల్లాక, "పొద్దుగాల ఏమన్న తిన్నవా అమ్మా?" అని అడిగింది.

"ఇంకా అందరివీ కాలేదుగా," అంది పుణ్యవతి.

అప్పుడు టైము తొమ్మిదింబావు.

భాగ్యమ్మ నా వైపు తిరిగింది. "గిదేంది సారూ! సూది ఆమెకు, తిండి మీకా?"

మర్నాడు డాక్టరుగారి ముందు మొదటిసారి నోరు మూసుకు కూర్చున్నాను. ఆవిడే చెప్పుకుంది. ముందు పిల్లలు, నేను, తర్వాత పూజ, ఆ తర్వాత ఏదైనా మిగిలితే తను. ఇన్నాళ్ళూ ఆయన నా టిఫిను వేళని బట్టి ఆవిడ మోతాదు సర్దుతూ వచ్చారన్నమాట!

"ముందు ఆవిడ తినే వేళ సరిచెయ్యండి. యూనిట్ల సంగతి తర్వాత చూద్దాం," అని చీటీ రాసిచ్చారు.

ఇప్పుడు ఏడున్నరకి మొదటి వాయి పుణ్యవతికే. చుట్టాలు ముక్కున వేలేసుకుంటే చీటీ చూపిస్తున్నాను. డాక్టరు సంతకం చూశాక ఎవరూ మారు మాట్లాడటం లేదు. అందుకే అంటున్నాను, రేషను చక్కెరతో పాటు ప్రభుత్వం ఇంటికో సీసా ఇవ్వాలి! లేకపోతే ఆకలేసిన ఇల్లాలు తినడానికి ఏ కాగితం చూపిస్తుంది?

అన్నట్టు, మీ ఆవిడకి చక్కెర జబ్బు లేదు కదూ? అయితే ఆవిడ ఎన్నింటికి తింటుందో మీకు తెలిసి ఉండదు. ఇరవై రెండేళ్ళు నాకూ తెలియలేదు. మా ఆవిడకి ఇడ్లీ వేడివేడిగా తినడం ఇష్టమట. మొన్ననే తెలిసింది.