వానలకు పడుకోబెట్టిన కారు

బర్మావాళ్ల నీళ్ల పండగ అయిపోయి, రంగూన్ మీద మొదటి మబ్బు కనబడ్డ రోజు పొద్దున్నే మెకానిక్ అచ్చెన్న ఒక పని పెట్టుకున్నాడు. బర్మా షావుకారు కో థన్ మౌంగ్ (కో అంటే అన్న) చిన్న రేసుకారును వానలకు పడుకోబెట్టాలి. మిలటరీ ప్రభుత్వం వచ్చిన కొత్త రోజులవి. కిరోసిన్ కోసం కూడా వరసలో నిలబడాల్సిన ఊళ్లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో తెలుగువాళ్లుండే ఇరుకు సందులో, అచ్చెన్న ఇంటి పక్క తడికల పాకలో అలాంటి కారు ఉండడమే ఒక వింత. ఒక్క మనిషి పట్టేంత కారు. ఎర్రటి ఒళ్లు, గుండ్రటి ముక్కు. దాని ముందు అచ్చెన్న గొంతు తగ్గించి మాట్లాడేవాడు. పెళ్లాం ముందు ఎన్నడూ తగ్గించినవాడు కాదు.

"తుప్పు మచ్చ లేకుండా వానలు దాటించు. చలికాలం పందెంలో నువ్వే నడుపుదువుగాని," అని కో థన్ మౌంగ్ మాటిచ్చాడు. వయసంతా పరాయి కార్ల కింద వెల్లకిలా పడుకుని గడిపినవాడికి, ఒక్కసారైనా కారు పైన కూర్చుని గాలిలా పోవాలనే ఆశ పుట్టడం తప్పు కాదు. పెద్దవాళ్ల మాట నమ్మడమే తప్పు.

పెట్రోలు వంచేశాడు. చక్రాలు నేలకు ఆనకుండా ఇటుకల మీద ఎత్తాడు. ఇంజను లోపల తుప్పు పట్టకుండా ఆముదం పోశాడు. పురుగు చేరకుండా సీటు నిండా వేపకొమ్మలు కుక్కి, గుమ్మానికీ నాలుగు కట్టాడు. టార్పాలిన్ కప్పితే చెమ్మ పడుతుందని పెళ్లాం నరసమ్మ పసుపులో ముంచి ఆరేసుకున్న నూలు చీర లాక్కొచ్చి కప్పాడు.

"ఎవులడిగినా ఏటీ సెప్పకు. ఎవుల్నీ ముట్టుకోనీకు. గట్టిగా మాటాడకు," అని పెళ్లానికి చెప్పి బజారుకు పోయాడు.

పక్కింటి చిలకమ్మ తడికల సందులోంచి చూసింది. వేపకొమ్మలు. పసుపు గుడ్డ. ఆముదం వాసన. గుడ్డ కింద ఎవరో ముడుచుకుని పడుకున్నట్టు ఎత్తు.

"ఓలె నరసమ్మా, లోపల ఎవులే తొంగున్నారు?"

"నాను సెప్పకూడదొదినా."

"అమ్మోరు పోసినాదేటే?"

నరసమ్మకు అబద్ధం ఆడడం రాదు. నిజం చెప్పడానికి మొగుడి అనుమతి లేదు. తల దించుకుంది.

మధ్యాహ్నానికి సందంతా గుసగుసల్లోకి దిగిపోయింది. అమ్మవారు వచ్చిన చోట పోపు వెయ్యకూడదని ఏ ఇంట్లోనూ ఆవాలు చిటపటలాడలేదు. మగాళ్లు చప్పిడి పప్పు తిని కూడా నోరెత్తలేదు. గుమ్మం ముందు పెరుగన్నం ముంతలు చేరాయి. అచ్చెన్న వచ్చి, నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో, రోజూ కారెక్కి తొక్కే పిల్లలంతా దూరంగా చేతులు కట్టుకుని నిలబడడం చూశాడు. తాళం కన్నా ఇదే నయమనుకుని నోరు మూసుకున్నాడు.

వానలు ముదిరాయి. పాకలోంచి రోగి ఎవరూ లేచి రాలేదు. ఉండబట్టలేక చిలకమ్మ ఒకనాడు చీర అంచు ఎత్తి చూసింది. ఎర్రటి ఒళ్లు ఆముదంతో నిగనిగలాడుతోంది.

"ఓలమ్మో! మనిసికి పొయ్యలేదర్రా! అమ్మే వొచ్చీసినాది!"

ఆ మర్నాడే కారు ముక్కుకు కుంకుమబొట్టు పడింది.

ఎవరు మోశారో, ఎర్రకారు సంగతి ఒక మిలటరీ కెప్టెన్ చెవిన పడింది. తోలుకుపోదామని జీపులో దిగాడు. జోరువానలో ఆడవాళ్లంతా పాక ముందు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. కెప్టెన్ డ్రైవరు అప్పటికే చెప్పులు విడిచి మోకాళ్ల మీద ఉన్నాడు.

"అది కారే కదా?" అన్నాడు కెప్టెన్.

"కారే సార్. కానీ ఉత్త కారే అని నేను అనలేను."

కెప్టెన్ పాకలోకి తొంగి చూశాడు. పసుపు గుడ్డ గాలికి మెల్లగా లేచి పడింది, ఊపిరి తీసినట్టు. ఆయన టోపీ తీశాడు, బూట్లు విప్పాడు, చేతులు జోడించాడు. వెళ్తూ వెళ్తూ, తన పేరు అమ్మవారికి చెప్పొద్దని అచ్చెన్నను బతిమాలాడు. ఆ రాత్రి అచ్చెన్న ఆనందంతో నిద్రపోలేదు. కారు దక్కింది. ఇక పందెమే.

చలికాలం వచ్చింది. కో థన్ మౌంగ్ వచ్చి చూస్తే తుప్పు మచ్చ లేదు. కారుకు అడ్డంగా మాత్రం సందంతా ఉంది.

"అమ్మను పందేనికి తోలుకుపోతారా?" అంది చిలకమ్మ. "కోపమొచ్చి సందంతా అమ్మోరు పోస్తే నువ్వు సమాదానం సెప్తావేటి, కో అచ్చెన్నా?"

"వదినా, అది కారే! నానే ఆముదం పోసినాను!"

"ఎవులు పొయ్యమన్నారు నీకు? అమ్మే కలలోకొచ్చి సెప్పుంటాది."

కో థన్ మౌంగ్ ఆ జనాన్ని చూశాడు, కుంకుమ బొట్టును చూశాడు. మెల్లగా చెప్పులు విడిచాడు. "ఈవిడ మీద హక్కు నాది కాదు, కో అచ్చెన్నా. మాట మాత్రం మాటే. నువ్వే నడుపు."

అమ్మవారి పండగనాడు ఊరేగింపుకని అచ్చెన్న ఇటుకలు తీసి, పెట్రోలు పోసి, అందులో కూర్చున్నాడు. ఇంజను గర్జించింది. ఆముదం పొగ తెల్లగా లేచి సందంతా కమ్మింది. జనం ఒక్కసారిగా మోకాళ్ల మీద పడ్డారు. ఆముదం పోసినవాడు తనే, ఇటుకలు పెట్టినవాడూ తనే. అయినా అచ్చెన్న తనకు తెలియకుండానే చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"ఓరి నాయనా, సెయ్యి దించు! గోడకెల్తంది!" అని చిలకమ్మ అరిచింది.

డప్పుల వెనక, బిందెలతో నీళ్లు పోసే ఆడవాళ్ల వెనక, నడిచేవాళ్లను దాటకుండా కారు కదిలింది. పందెంలో అది ఎన్నడూ పాల్గొనలేదు గానీ, ఇంకో కారే లేని ఆ ఊరేగింపులో మాత్రం అచ్చెన్నది ఏటా మొదటి స్థానమే.